మగ్గం గుంతలో పొయ్యి

మా పెద్దమ్మ పోయింది. నేను మిల్లులో మిషను కింద పడుకుని బోల్టు బిగిస్తున్నప్పుడు, ఎదురింటి ఆయన పంపిన మనిషి గేటు దగ్గరకు వచ్చి ఈ మాట చెప్పించాడు. నేను చేతులు తుడుచుకుని సెలవు అడగడానికి మేస్త్రీ దగ్గరకు పోయాను.

"పోయింది అమ్మనా?" అన్నాడు.

"కాదు, పెద్దమ్మ."

"అట్లయితే షిఫ్టు అయినాంక పోవచ్చు గదప్పా. కన్నతల్లి అయితే ఆ మాట వేరే."

పానా ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. కన్నతల్లి సర్జాపురలో ఉంది, బాగానే ఉంది. నాకు మీసం రాకముందు నుంచీ కాటన్‌పేటలో అన్నం పెట్టింది మాత్రం పెద్దమ్మ. ఈ లెక్క మిల్లు వాళ్ళకు తెలియదు. తెలియజెప్పే ఓపిక నాకు లేదు.

రాసేంత గొప్ప పని ఆమె ఏం చేసింది అని మీరు అడగవచ్చు. మా ఇంట్లో పొయ్యిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చింది. అంతే. ఇల్లు జానెడు కూడా పెరగలేదు. ఆమె మంచితనం గురించి రాయను. ఆమె నోరు మంచిది కాదు, వీధి వీధంతా చెబుతుంది. పొయ్యి గురించి మాత్రం రాస్తాను.

మా ఇల్లు రెండిళ్ళ మధ్య ఇరికించిన ఇల్లు. ఎడమ గోడ ఒక పక్కింటిది, కుడి గోడ ఇంకో పక్కింటిది, వెనక గోడ పత్తి గోడౌనుది. ఏ పక్కకూ పెంచుకోవడానికి లేదు. వీధి వైపు పడసాల, దాని వెనక వంటిల్లు, ఆ రెండే గదులు. పడసాలలో కిటికీ, కిటికీ కింద మగ్గం, మగ్గం కింద నేలలో తవ్విన గుంత. మా పెద్దనాయన ఆ గుంతలోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చుని నేసేవాడు. వంటింటికి కిటికీ లేదు. పైన ఒక పెంకు పక్కకు జరిపి, పొగను అటు పొమ్మన్నారు. పొగ ఎవరి మాట వింటుంది?

నేతగాళ్ళ ఇళ్ళలో ఇది మామూలే. దారం కంటికి ఆనాలి, కాబట్టి వెలుతురు మగ్గానిది. అన్నం ఉడికిందీ లేనిదీ చేతికి తెలుస్తుంది, కాబట్టి చీకటి వంటది. ఈ పంపకం ఎవరు చేశారో నాకు తెలియదు. చేసినవాడు మాత్రం ఎన్నడూ పొయ్యి ఊది ఉండడు.

పెద్దమ్మకు ఒక అలవాటు ఉండేది. పొయ్యి ఊదబోయే ముందే కొంగుతో కళ్ళు తుడుచుకునేది. ఎందుకని అడిగితే, "ఎట్లాగూ ఏడ్చేది ఉండాది గదా, ముందే తుడుచుకుంటే ఒక పని అయిపోతాది" అనేది. వంట అయ్యాక అదే చీకటిలో కూర్చుని కండెలు చుట్టేది. ఆ కండెల్లోని నూలే బయటికి వచ్చి, కిటికీ వెలుతురులో చీర అయ్యేది. చీర బాగుందని వచ్చినవాళ్ళంతా పెద్దనాయనతో చెప్పేవాళ్ళు.

యుద్ధం వచ్చింది. నూలు దొరకడం మానేసింది. దొరికినా మాలాంటి వాళ్ళ దాకా వచ్చేది కాదు. మగ్గం ఖాళీ. అయినా పెద్దనాయన పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, గుంతలోకి కాళ్ళు దించి కూర్చునేవాడు. నూలు లేని మగ్గం ముందు ఊరికే కూర్చుని కిటికీలోంచి వీధిని చూసేవాడు. "వచ్చే నెల వస్తాది" అనేవాడు. ప్రతి నెలా అదే మాట.

ఆ రోజుల్లోనే పెద్దమ్మ మోకాళ్ళు పట్టేశాయి. నేల మీద గొంతుక్కూర్చుని వండాలి, మళ్ళీ లేవాలి. కూర్చోవడం ఎట్లాగో అయ్యేది, లేవడం అయ్యేది కాదు. ఒక మధ్యాహ్నం నేను పని నుంచి వచ్చేసరికి ఆమె వంటింటి గడప దాకా దేకుతూ వచ్చి, అక్కడ ఆనుకుని ఉంది. లోపల సంగటి మాడి పొగ కమ్మేసింది. పడసాలలో పెద్దనాయన ఖాళీ మగ్గం ముందు కూర్చునే ఉన్నాడు. ఆమె పిలవలేదు, ఆయనకు తెలియలేదు. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంకా పోలేదు. మగ్గానికి కిటికీ ఉంది, పని లేదు. మనిషికి పని ఉంది, కిటికీ లేదు.

పెద్దవాళ్ళు కూర్చుని దీనికొక మందు కనిపెట్టారు. నాకు పెళ్ళి చేయడం. ఇంటికొక పిల్ల వస్తే వంట ఆ పిల్ల చూసుకుంటుంది, పెద్దమ్మ మూలన కూర్చోవచ్చు. సర్జాపుర వైపు సంబంధం ఒకటి చూశారు. నన్ను ఎవరూ అడగలేదు, అది సరే. పెద్దమ్మనూ అడగలేదు.

పిల్ల తల్లి ఇల్లు చూడటానికి వచ్చింది. పడసాలలో చాప మీద కూర్చుని, తాంబూలం తీసుకుని, నాలుగు వైపులా చూసి, "ఇల్లు చిన్నదైనా వెలుతురు బాగుండాది వదినా" అంది.

"ఇది మగ్గం ఇల్లమ్మా," అంది పెద్దమ్మ. "నీ బిడ్డ ఉండేది ఆ పక్క. రా, చూపిస్తా."

లోపలికి తీసుకుపోయి, పీట వేసి కూర్చోబెట్టింది. పొయ్యిలో పచ్చి కట్టెలు పెట్టి ఊదింది. "ఇప్పుడే వస్తా, కూర్చో" అని బయటికి వచ్చి తలుపు లాగి, దానికి వీపు ఆనించి నిలబడింది. లోపల దగ్గు మొదలైంది.

"వదినా! తలుపు తియ్యి వదినా!"

"ఎసరు కాగేంత సేపమ్మా, అంతే. నీ బిడ్డకి దినామూ రెండు పూట్లా ఉండాది ఇది."

పెద్దనాయన గుంతలోంచి లేచాడు. "ఏమే, నీకేమన్నా పిచ్చి పట్టిందా? తియ్యే తలుపు!"

తీసింది. పిల్ల తల్లి కళ్ళ వెంట నీళ్ళు కారుతూ బయటికి వచ్చింది. తిడుతుందని నేను ఎదురుచూశాను. ఆమె పెద్దమ్మ గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వైపు తిప్పి, కాసేపు చూసింది. "నీ కండ్లు ఇన్నేండ్లు ఎట్ల తట్టుకున్యాయి వదినా?" అని అడిగింది. ఆ తర్వాత ఆ సంబంధం గురించి అటు నుంచి మాట రాలేదు.

"ఇంటి పరువు తీస్తివే," అన్నాడు పెద్దనాయన.

"పరువు వంటింట్లో లేదులే. ఉంటే పొగకి ఎప్పుడో సచ్చింటాది. వానికి పెండ్లి వద్దంటా లేదు నేను. పొయ్యికి పెండ్లాన్ని తేవద్దంటా ఉండా. నేను పడింది సాలదా, ఇంకొక ఆడబిడ్డని ఆ బొక్కలో కూర్చోబెట్టల్నా?"

"మరి వండేది ఎవురు?"

"నేనే. ఆ గుంత నాకు ఇయ్యి."

"గుంతా? గుంతతో నీకేం పని?"

"నీ కాళ్ళు ఇన్నేండ్లు అందులో హాయిగా కూర్చున్యాయి. నా కాళ్ళు గూడ కూర్చుంటాయి. కాళ్ళు దించుకుని కూర్చుంటే మోకాలు మడిచే పని లేదు. ముందర పొయ్యి పెట్టుకుంటా. కిటికీ ఎట్లాగూ ఉండాది."

పెద్దనాయన ముఖం ఎర్రబడింది. మా వాళ్ళలో ఆడవాళ్ళు మగ్గం గుంతలో కాలు పెట్టరు. ఊడుస్తారు, దీపం పెడతారు, దిగరు. "ఆడది దిగితే నూలు తెగుతాది. మా నాయన కాలం నుంచి ఉండే మాట అది," అన్నాడు.

"నూలుంటే గదా తెగేకి," అంది పెద్దమ్మ.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున ఆయన తనంతట తనే మగ్గం విప్పడం మొదలుపెట్టాడు. సాయం చేద్దామని పోతే, "నువ్వు మిల్లోనివి, దూరంగా ఉండప్పా" అన్నాడు. మిల్లు మగ్గాలే మా ఇళ్ళ మగ్గాలను మింగాయని ఆయన అభిప్రాయం. అది అబద్ధమని నేనూ అనలేను. దోనెలు, పలకలు, కర్రలు ఒక్కొక్కటి తుడిచి, మగ్గం తాళ్ళతోనే కట్టి, పైన దూలాలకు వేలాడదీశాడు. కింద గుంత మాత్రం నోరు తెరుచుకుని మిగిలింది.

మిగిలిన పని ముగ్గురమూ చేశాం. గుంత సగం పూడ్చి, కాళ్ళు పట్టేంత వదిలాం. పూడ్చిన చోట పెద్దమ్మ పుట్టమన్ను, పేడ, ఊక కలిపి తన చేత్తో పొయ్యి వేసింది. దిగడానికి పెద్దనాయన ఒక మెట్టు చెక్కాడు. నేను కిరసనాయిలు డబ్బాలు కత్తిరించి, గొట్టంగా చుట్టి, పొయ్యి మీద నుంచి కిటికీ పైకి పొగ పోయేలా బిగించాను. పడసాలకూ పాత వంటింటికీ మధ్య గోడను నడుము ఎత్తుకు పైన కొట్టేశాం. ఆ గది పుట్టాక మొదటిసారి అందులోకి ఎండ పడింది. గోడల మీది మసి గీకి సున్నం కొడితే, అక్కడ ఒక గూడు ఉందని, గూట్లో ఎవరో పెట్టి మరచిపోయిన పసుపుకొమ్ము ఉందని అప్పుడు తెలిసింది. చాప, పడకలు, ట్రంకుపెట్టె అటు పోయాయి. వీధి గదికి వంట వచ్చింది. ఇల్లు అదే ఇల్లు, వెనకది ముందుకు, ముందుది వెనక్కి.

వీధికి ఇది మింగుడుపడలేదు. ఎదురింటి అక్క కిటికీ దగ్గరకే వచ్చి అడిగింది.

"ఏమక్కా, వీధికి చూపిచ్చి వండుతావా? దిష్టి తగలదా?"

"మరి దొంగతనంగా వండల్నా? నేనేం ఎవురింట్లోనో ఎత్తుకొచ్చిన బియ్యమా వండేది?"

"అది గాదక్కా, నీ పులుసు వాసన మా ఇంట్లోకి వస్తా ఉండాది."

"ఉప్పు సరిపోయిందా చెప్పు. నాకు ముక్కు పనిచేసేది మానేసింది."

మొదటి రోజు వంట మాత్రం మా ముగ్గురి పరువూ తీసింది. మా ఇంట్లో అందరికీ రాగి సంగటి కావాలి. సంగటి కెలకడమంటే కుస్తీ పట్టడమే. కుండను దించి, దాని నోటి మీద ఒక చీలిన కట్టెను అడ్డంగా పెట్టి, ఆ కట్టె రెండు కొసలనూ రెండు పాదాలతో తొక్కిపట్టి, తెడ్డుతో కెలకాలి. పాదాలు పట్టకపోతే కుండ తిరిగిపోతుంది. ఇన్నేళ్ళు ఆమె నేల మీద అట్లాగే చేసింది. ఇప్పుడు పాదాలు గుంతలో ఉన్నాయి. కుండ పైన ఉంది. ఈ సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. గొట్టం ఎటు పోవాలి, పొయ్యి ఎంత దూరం ఉండాలి అని తగాదా పడ్డాం కానీ, కుండను పట్టేది కాళ్ళని మరచిపోయాం.

తెడ్డు వేయగానే కుండ గిర్రున తిరిగి, గట్టు దాటి, గోడ దాకా దొర్లింది. కిటికీ అవతల ఎదురింటి అక్క నిలబడే ఉంది.

"ఏమక్కా, సంగటి యాడికి పోతా ఉండాది?"

"ఊరు చూసొస్తానంటే పొమ్మన్యా," అంది పెద్దమ్మ. అంత నోరున్న మనిషి ఆ మాట తర్వాత తలెత్తలేదు. ఈ గుంత పనికి రాదంటే పాత వంటిల్లూ లేదు, సర్జాపుర నుంచి ఇంకో పిల్లను చూడటమే మిగిలింది. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

పెద్దనాయన ఏమంటాడో అని చూశాను. గెలిచాడు కదా, అనడానికి ఎంతైనా ఉంది. ఆయన కుండలో మిగిలిన ఉండలు కట్టిన పిండిని పళ్ళెంలో వేసుకుని, చప్పుడు లేకుండా తినేసి, చెయ్యి కడుక్కున్నాడు. స్టూలు వేసుకుని ఎక్కి, దూలానికి కట్టిన మూటలోంచి ఒక తొక్కుడు చెక్కను ఊడదీశాడు. నేసేటప్పుడు గుంతలో కాలి కింద ఉండే పలక అది. దాన్ని గుంత అడుగున బిగించాడు. పొయ్యి పక్కన గట్టు మీద కుండకు కుదురు వేసి, దాని మీదికి వచ్చేలా ఒక అడ్డకట్టె కొసను గోడలో కదిలేలా బిగించాడు. రెండో కొసకు తాడు కట్టి, కింద చెక్కకు కలిపాడు.

"తొక్కు," అన్నాడు.

ఆమె తొక్కింది. అడ్డకట్టె వచ్చి కుండ నోటి మీద గట్టిగా పట్టింది. కాలు వదిలితే లేచింది.

"మగ్గంలో పోగులు తెరుచుకునేది ఇట్లనే," అన్నాడు. "చెయ్యి చేసేది నాలుగు మందికి కనపడతాది. కాలు చేసేది కనపడదు."

ఆయన నోటి నుంచి అంత పొడుగు మాట నేను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. ఆ సాయంత్రం సంగటి ముద్ద రాయిలాగా, నున్నగా వచ్చింది. ఆయన దాన్ని వేలితో నొక్కి చూసి, "నేత గట్టిగా ఉండాది" అన్నాడు. పెద్దమ్మ నవ్వు కొంగులో దాచుకుంది.

ఆ తర్వాత ఆమె ఆ గుంతలో రాణిలా బతికిందని రాస్తే అబద్ధం. మోకాళ్ళు నొస్తూనే ఉన్నాయి. పాత పొగ ఊపిరిలోంచి పోలేదు, చివరికి ఆ దగ్గే తీసుకుపోయింది. కానీ కళ్ళు ముందే తుడుచుకునే అలవాటు పోయింది. వండుతూ వీధిని చూసేది. పోయేవాళ్ళను ఆపి మాట్లాడేది, అవసరం లేకపోయినా తిట్టేది. సాయంత్రం నేను కిటికీ పక్కన కూర్చుని, అంగట్లో సరుకు కట్టిచ్చిన పొట్లాల కాగితాలు చదివేవాణ్ణి. నా చదువంతా ఆ పొట్లాల మీదే. కాగితం మధ్యలో చిరిగిపోతే, "ఊ, మిగతాది?" అని అడిగేది. లేదంటే, మిగతాది తనే కల్పించి చెప్పేది. ఆమె చెప్పిన ముగింపుల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు చెంపదెబ్బ తినేవాళ్ళు.

ఇంకొకటి రాయకపోతే ఇది సగం నిజమే అవుతుంది. యుద్ధం అయ్యాక కొన్నాళ్ళకు నూలు మళ్ళీ కొంచెం కొంచెం రాసాగింది. పెద్దమ్మ ఆయనతో, "నీ గుంత నువ్వు తీసుకో. నేను యాడో ఒక చోట కూర్చుంటా" అంది. మాట వరసకు అనలేదు, నేను విన్నాను.

"యాడ కూర్చుంటావు?" అన్నాడాయన. ఉన్న ఇల్లు ఉన్నంతే ఉంది. మగ్గం వస్తే పొయ్యి పోవాలి. పెద్దనాయన చద్దిమూట కట్టుకుని, పక్క వీధిలో ఇంకొకరి ఇంట్లో, ఇంకొకరి మగ్గం మీద కూలికి నేయడానికి పోయాడు. సొంత మగ్గం ఉన్నవాడికి కూలి మగ్గం ఎక్కడమంటే ఏమిటో నేతగాళ్ళకు చెప్పనక్కరలేదు, మిగతావాళ్ళకు చెప్పినా తెలియదు. పొద్దున ఆయన కిటికీ ముందు నుంచి పోతుంటే, ఆమె పొయ్యి ముందు నుంచి తలెత్తి చూసేది. ఒకరికి వెలుతురు ఇవ్వాలంటే ఇంకొకరి దగ్గర తీసుకోవాల్సినంత ఇరుకు ఇళ్ళలో మమ్మల్ని ఎవరు పెట్టారో, నా కోపం వాళ్ళ మీద. ఈ ఇద్దరిలో ఎవరి మీదా కాదు.

ఆమె పోయిన ఇంట్లో పొయ్యి వెలగలేదు. కర్మ అయ్యేదాకా తిండి చుట్టాల ఇళ్ళ నుంచి వచ్చింది. ఎదురింటి అక్కే ఎక్కువ తెచ్చింది, ఏడుస్తూ తెచ్చింది. అన్నీ అయ్యాక మళ్ళీ పొయ్యి ముట్టించే రోజు చుట్టాలందరూ వెనక గదిలో చాప మీద కూర్చున్నారు. సర్జాపుర నుంచి వచ్చిన మా నాయన మాట ఎత్తాడు.

"అన్నా, ఇంట్లో ఆడదిక్కు లేదు. ఏడాది తిరగాలని చూస్తే కాదు. వీనికి బేగ ఒక పిల్లని చూసేద్దాం. పొయ్యి ముందర కూర్చునేకి ఒక మనిసి కావల్ల గదా."

అందరూ తల ఊపారు. నేను నోరు తెరవబోయాను. పెద్దనాయన చెయ్యెత్తి నన్ను ఆపి, గోడ పట్టుకుని లేచాడు.

"నేనుండా గదా," అన్నాడు.

"నువ్వా? నీకు వంటేం వస్తాదన్నా?"

"వంట రాదు. ఆ గుంతలో కూర్చునేకి ఎవురూ నేర్పే పని లేదు."

పడసాలలోకి పోయి, మెట్టు మీద కాలు పెట్టి దిగి, గట్టు మీద కూర్చున్నాడు. పొయ్యి ముట్టించాడు. ఎసరు పెట్టాడు. పిండి ఎప్పుడు వేయాలో తెలియక, ముందే వేశాడు. ఆడవాళ్ళు లేవబోయారు. ఎదురింటి అక్క వాళ్ళను కూర్చోమని సైగ చేసింది. ఆయన కుండ దించి, కుదురు మీద పెట్టి, తెడ్డు రెండు చేతులా పట్టుకుని కెలకడం మొదలుపెట్టాడు.

నేను గోడకు ఈ పక్క నుంచి కిందికి చూశాను. మగ్గానికి తొక్కుడు చెక్కలు రెండు ఉంటాయి. ఒక కాలు దిగితే ఇంకో కాలు లేవాలి. పొయ్యికి పెట్టింది ఒక్కటే. ఆయన కుడికాలు చెక్కను తొక్కిపట్టి, కదలకుండా ఉంది. ఎడమకాలు మాత్రం, కింద ఏమీ లేకపోయినా, తన వంతు వచ్చినప్పుడల్లా దిగి, ఉట్టి మట్టిని తొక్కుతూనే ఉంది.